దాటనివి, దాటనంత వరకు

ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే విలువల్లోంచి కావలసినవాటిని ఎంచుకోవడం ప్రోగ్రామింగ్‌లో అతి సాధారణమైన పని. అయినా ఆ పనిలో జరిగే పొరపాట్లలో చాలావాటికి కారణం ప్రోగ్రామింగ్ భాష రాకపోవడం కాదు, కావలసినదేమిటో ముందుగా మాటల్లో తేల్చుకోకపోవడం. 'దాటనివి' అన్న మాటకూ 'దాటనంత వరకు' అన్న మాటకూ తెలుగువారెవరికైనా తేడా తెలుసు. అదే తేడా ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషల్లో ఫిల్టర్, టేక్‌వైల్ అనే రెండు ఫంక్షన్ల రూపంలో కనిపిస్తుంది. ఒకదాని చోట మరొకటి రాస్తే ప్రోగ్రాం ఏ అభ్యంతరమూ చెప్పకుండా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పుతుంది.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అంటే ఉన్న విలువలను మార్చకుండా, ఒక విలువను తీసుకుని మరో విలువను ఇచ్చే ఫంక్షన్లను ఒకదానితో ఒకటి కలుపుతూ ప్రోగ్రాం రాసే పద్ధతి. ఖతార్‌లో ఈ పద్ధతికి పాఠ్యస్థాయిలో గట్టి స్థానమే ఉంది. దోహా నగరానికి పడమట ఉన్న ఎడ్యుకేషన్ సిటీలో 2004 నుంచి నడుస్తున్న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ శాఖలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మూలసూత్రాలను స్టాండర్డ్ ఎం.ఎల్. అనే భాషలో నేర్చుకుంటారు. ఎం.ఎల్. భాషను 1970లలో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్, ఆయన సహచరులు రూపొందించగా, దాని ప్రామాణిక నిర్వచనం 1990లో వెలువడి 1997లో సవరణకు నోచుకుంది. ఆ నిర్వచనకర్తల్లో ఒకరైన రాబర్ట్ హార్పర్ కార్నెగీ మెలన్ ఆచార్యుడే కావడం వల్ల ఆ భాష అక్కడి పాఠాల్లో నిలిచిపోవడంలో వింత లేదు.

అయితే ఈ అధ్యాయం తరగతి గదిలోని విద్యార్థికి మాత్రమే ఉద్దేశించింది కాదు. ఖతార్‌లోని తెలుగువారిలో టైమ్‌కీపర్లుగా, సేఫ్టీ ఆఫీసర్లుగా, డాక్యుమెంట్ కంట్రోలర్లుగా, జీతాల పట్టికలు తయారుచేసే గుమాస్తాలుగా పనిచేస్తూ, రోజంతా ఎక్సెల్ ముందు కూర్చుని, శుక్రవారం సెలవునాడు ప్రోగ్రామింగ్ వైపు అడుగు వేయాలనుకునేవారు కూడా ఉంటారు. అలాంటివారు తమకు పునాది లేదని సంకోచించనవసరం లేదు. ఎక్సెల్‌లో ఫిల్టర్, టేక్, డ్రాప్ అనే సూత్రాలను వాడినవారు ఈ విద్యలో సగం దూరం తెలియకుండానే వచ్చేశారు. టేక్‌వైల్ అన్న పేరుతో సూత్రమేదీ ఎక్సెల్‌లో లేదు. చిత్రంగా, స్టాండర్డ్ ఎం.ఎల్. జాబితాల గ్రంథాలయంలోనూ అది లేదు కాబట్టి అభ్యాసకులు దాన్ని స్వయంగా రాసుకోవలసి వస్తుంది. ఈ లోటు నేర్చుకునేవారికి మేలే చేస్తుంది.

ఇటరేటర్ అంటే ఒక వరుసలోని విలువలను అడిగినప్పుడల్లా ఒక్కొక్కటిగా అందించే సాధనం. చాలా భాషల్లో ఇది దాటిపోయే బండి లాంటిది: ఒక విలువను అందించాక దాని స్థితి మారిపోతుంది, వెనక్కి పిలవడానికి వీలుండదు. స్టాండర్డ్ ఎం.ఎల్. వంటి భాషలో అదే పనిని మరో విధంగా చూస్తారు: వరుసను చేతికిస్తే, అది ఖాళీ అయినప్పుడు 'ఏమీ లేదు' అనీ, ఖాళీ కానప్పుడు 'ఇదిగో మొదటిది, ఇదిగో మిగిలిన వరుస' అని ఒక జంటనూ ఫంక్షన్ తిరిగి ఇస్తుంది. మొదట చేతికిచ్చిన వరుస చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది కాబట్టి, దానిపై మరో ప్రశ్న వేయాలన్నా అడ్డేమీ లేదు. 'ఉండవచ్చు, లేకపోవచ్చు' అన్న ఈ రకాన్ని ఆప్షన్ అంటారు. ఖాళీ జాబితాను మొదటి విలువ అడిగి ప్రోగ్రాం కూలిపోయే ప్రమాదాన్ని అది ముందే తప్పిస్తుంది.

ఎంపిక ఫంక్షన్లన్నిటికీ ఒక షరతు కావాలి. ఒక విలువను చూసి అవును లేదా కాదు అని మాత్రమే చెప్పే ఈ చిన్న ఫంక్షన్‌ను ప్రెడికేట్ అంటారు. వరుస వెంట నడిచే పనిని ఒక ఫంక్షన్‌కూ, మంచిచెడ్డలు తేల్చే పనిని ప్రెడికేట్‌కూ విడివిడిగా అప్పగించడమే ఫంక్షనల్ పద్ధతి చేసిన గొప్ప మేలు. కానీ ఆ విభజనలో మూడో విషయం ఒకటి మరుగున పడిపోతుంది: అడగడం ఎప్పుడు ఆపాలి? ఏది ఉంచుకోవాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి ప్రెడికేట్ జవాబు చెబుతుంది. రెండోదానికి జవాబు, ఎంచుకున్న ఫంక్షన్ పేరులోనే దాగి ఉంటుంది.

ఖతార్ ఎండలు దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ 2021లో వచ్చిన మంత్రిత్వశాఖ నిర్ణయం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. అంతకుముందు ఈ నిషేధం జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, 11:30 నుంచి 3 గంటల దాకా మాత్రమే ఉండేది. ఇది కాక, వేళతో నిమిత్తం లేకుండా, వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ 32.1 డిగ్రీలు దాటితే పని ఆపాలన్న నియమమూ అదే నిర్ణయంలో ఉంది. ఈ కొలత మామూలు థర్మామీటరు చూపే వేడి కాదు. తడిబట్ట చుట్టిన థర్మామీటరు కొలతకు 70 శాతం, నల్లని గోళంలోని కొలతకు 20 శాతం, మామూలు కొలతకు 10 శాతం ప్రాధాన్యమిచ్చి కట్టిన లెక్క. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు కాబట్టి తడి కొలతకు అంత పెద్దపీట వేశారు.

సెప్టెంబరు 15 దాటిన ఒక రోజున, అంటే మధ్యాహ్న నిషేధం ముగిసి ఉష్ణోగ్రత నియమం ఒక్కటే మిగిలిన రోజున, ఉదయం 6 నుంచి సాయంత్రం 5 వరకు గంటకొకటి చొప్పున సేఫ్టీ ఆఫీసర్ పన్నెండు కొలతలు తీసినట్టు ఊహించవచ్చు. అవి వరుసగా 28.7, 29.5, 30.6, 32.4, 31.8, 32.1, 32.9, 33.3, 32.8, 32.2, 31.4, 30.3. 'దాటితే' అన్నారు కాబట్టి సరిగ్గా 32.1 అయితే పని సాగవచ్చు. షరతు 'కొలత 32.1 దాటలేదు' అన్నది.

ఫిల్టర్ ఈ షరతుకు నిలిచిన ప్రతి కొలతనూ వరుస చివరిదాకా వెదికి ఇస్తుంది. ఏడు కొలతలు వస్తాయి. టేక్‌వైల్ షరతు మొదటిసారి తప్పిన చోట ఆగిపోతుంది. 9 గంటల 32.4 దగ్గర ఆగి మూడింటినే ఇస్తుంది. డ్రాప్‌వైల్ ఆ మూడింటినీ వదిలేసి 32.4తో మొదలయ్యే మిగిలిన తొమ్మిదింటినీ ఇస్తుంది. అందులో షరతుకు నిలిచే 31.8 ఉన్నా దాన్ని పట్టించుకోదు, ఎందుకంటే ఒకసారి తలుపు తెరిచాక డ్రాప్‌వైల్ మళ్లీ ఎవరినీ ఆపి అడగదు. 'మొదట దాటిన కొలత ఏది' అన్న ప్రశ్నకు ఫైండ్ ఒక్క 32.4ను ఆప్షన్‌లో చుట్టి ఇస్తుంది. 'అసలు దాటిందా' అన్న దానికి ఎగ్జిస్ట్స్ అవునని చెప్పి, మిగిలిన కొలతలు చూడకుండానే ముగిస్తుంది.

వీటిలో ఏది సరైనదన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ ప్రశ్నకు సరైనదన్నదే ప్రశ్న. పనికి వీలైన గంటలెన్ని అని యాజమాన్యం అడిగితే ఫిల్టర్. ఉదయం నుంచి ఎడతెగకుండా ఎంతసేపు పని సాగింది అని అడిగితే టేక్‌వైల్. తెలుగు ఈ తేడాలను చిన్న చిన్న మాటల్లో భద్రంగా దాచి ఉంచింది. 'దాటనివి' అన్నప్పుడు ఫిల్టర్, 'దాటనంత వరకు' అన్నప్పుడు టేక్‌వైల్, 'మొదటి అయిదు' అన్నప్పుడు టేక్, 'ఏదైనా ఉందా' అన్నప్పుడు ఎగ్జిస్ట్స్, 'అన్నీ అంతేనా' అన్నప్పుడు ఆల్ అనే ఫంక్షన్ పలుకుతాయి. అందువల్ల అభ్యాసకులు కోడ్ రాయడానికి ముందు కావలసినదాన్ని ఒక్క తెలుగు వాక్యంగా కాగితం మీద రాసుకుని, అందులోని కీలకమైన మాటను గీత గీసి గుర్తించే అలవాటు చేసుకుంటే, సరైన ఫంక్షన్ ఆ గీత కిందే దొరుకుతుంది.

ఈ పద్ధతిలో జాగ్రత్త పడవలసిన మాట 'దాకా'. 'శుక్రవారం దాకా సెలవు' అంటే శుక్రవారం కూడా సెలవేనా, శుక్రవారం పనికి రావాలా అన్నది చెప్పిన మనిషిని మళ్లీ అడిగితే గాని తేలదు. టేక్‌వైల్‌కు అలాంటి సందిగ్ధం లేదు: షరతు తప్పిన విలువను అది తనలో కలుపుకోదు. 'దాటేదాకా తీసిన కొలతలన్నీ, దాటినది కూడా కలిపి' కావాలంటే టేక్‌వైల్ చాలదు, కొత్త ఫంక్షన్ రాయాలి.

రాయడం కష్టమేమీ కాదు. టేక్‌వైల్ నిర్వచనం మూడు వాక్యాల్లో ఇమిడిపోతుంది: వరుస ఖాళీ అయితే ఫలితం ఖాళీ; మొదటిది షరతుకు నిలిస్తే దాన్ని ముందుంచి, మిగిలిన వరుస మీద ఇదే పని చేసి వచ్చినదాన్ని వెనక చేర్చాలి; నిలవకపోతే ఫలితం ఖాళీ. ఫిల్టర్ నిర్వచనంలో మొదటి రెండు వాక్యాలూ అక్షరం మారకుండా ఇవే. మూడోది మాత్రం 'నిలవకపోతే దాన్ని వదిలి, మిగిలిన వరుస మీద ఇదే పని చేయాలి' అని మారుతుంది. రెండు ఫంక్షన్ల మధ్య ఉన్న తేడా అంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది కాబట్టి, రెండింటినీ పక్కపక్కన స్వహస్తాలతో రాసినవారు మళ్లీ ఎన్నడూ తికమకపడరు. దాటినదాన్ని కూడా కలుపుకోవాలంటే మూడో వాక్యంలో ఖాళీకి బదులు ఆ ఒక్క విలువ ఉన్న జాబితాను ఇస్తే సరిపోతుంది.

ఇక్కడ దాటిపోయే బండి సంగతి మళ్లీ వస్తుంది. రస్ట్, పైథాన్ వంటి భాషల్లో ఇటరేటర్ మీద టేక్‌వైల్ నడిపి, తర్వాత అదే ఇటరేటర్‌ను కొనసాగిస్తే తదుపరి కొలతగా 32.4 రాదు, 31.8 వస్తుంది. షరతు తప్పిందని తెలుసుకోవడానికే 32.4ను బయటికి తీయవలసి వచ్చింది, తీసినదాన్ని తిరిగి పెట్టే చోటు లేక అది జారిపోయింది. పని ఎందుకు ఆపారో చెప్పే ఏకైక కొలత నివేదికలోంచి మాయమవడం కన్నా పెద్ద లోపం ఏముంటుంది? రస్ట్‌లో దీనికి పీకబుల్ అనే రకం ఉంది. అది తదుపరి విలువను తీయకుండా తొంగి చూడనిస్తుంది. హాస్కెల్ భాషలో స్పాన్ అనే ఫంక్షన్ తీసుకున్న భాగాన్నీ మిగిలిన భాగాన్నీ జంటగా ఇస్తుంది, ఏదీ పోదు. పాత వరుస చెక్కుచెదరని స్టాండర్డ్ ఎం.ఎల్. జాబితాల్లో ఈ చిక్కు పుట్టనే పుట్టదు.

క్రమం విషయంలోనూ ఏమరుపాటు కూడదు. ఫిల్టర్‌తో జల్లించి మొదటి అయిదు తీసుకుంటే అయిదు కొలతలు వస్తాయి; మొదటి అయిదు తీసుకుని జల్లిస్తే నాలుగే వస్తాయి. తెలుగు వాక్యంలో అసమాపక క్రియలు పని జరిగే క్రమంలోనే నడుస్తాయి: 'పట్టికను తెచ్చి, జల్లించి, మొదటి అయిదు తీసి, ఇవ్వాలి'. ఫంక్షన్లను ఒకదాని లోపల ఒకటి పెట్టి రాసినప్పుడు చివర జరిగే పని ముందు కనబడి, చదువరి లోపలి నుంచి బయటికి చదువుకోవలసి వస్తుంది. ఎఫ్ షార్ప్, ఓకామెల్, ఎలిక్సిర్ భాషల్లో ఉన్న పైప్ గుర్తు ఈ తలకిందులు రాతను సరిచేసి, ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందిస్తూ పోతుంది. తెలుగులో ఆలోచించేవారికి ఆ రాత పుట్టింటి మాటలా తోచడం సహజం.

టేక్ అన్ని భాషల్లో ఒకేలా ప్రవర్తించదు. పన్నెండు కొలతల్లోంచి పదిహేను అడిగితే హాస్కెల్ ఉన్న పన్నెండూ ఇచ్చి ఊరుకుంటుంది, స్టాండర్డ్ ఎం.ఎల్. సబ్‌స్క్రిప్ట్ అనే దోషాన్ని ప్రకటించి ఆగిపోతుంది. హాస్కెల్ తీరు సౌకర్యం, స్టాండర్డ్ ఎం.ఎల్. తీరు నిజాయితీ, కొలతలు తగ్గడమే ఒక వార్త అయిన చోట రెండోదే మేలు.

పైకి సులువుగా కనిపించే షరతులోనే ఎక్కువ లోతు ఉండే సందర్భాలూ ఉంటాయి. ఖతార్‌లో 2020 నాటి 17వ నంబరు చట్టం కింద 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం నెలకు 1000 రియాళ్లు. యజమాని వసతి కల్పించకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 రియాళ్లు దానికి అదనంగా ఇవ్వాలి. జీతాల పట్టికలోంచి నియమం కంటే తక్కువ అందుకుంటున్నవారిని ఎంచాలంటే 'మొత్తం 1800 కంటే తక్కువ' అన్న షరతు తప్పు. కంపెనీ క్యాంపులో ఉంటూ మెస్‌లో తినే కార్మికుడికి 1000 రియాళ్లు చట్టసమ్మతమే. 'మూలవేతనం 1000 కంటే తక్కువ' అన్నదీ చాలదు. వసతి, భోజనం ఇవ్వకుండా భత్యమూ ఇవ్వని చోటును అది చూడదు. ఖాళీ గడిని సున్నాగా భావించడం మరో తప్పు: భత్యం గడి ఖాళీగా ఉంటే వసతి కల్పించారని అర్థమా, ఎగ్గొట్టారని అర్థమా? ఫంక్షనల్ భాషలో వసతి అనే రకాన్ని 'యాజమాన్యం కల్పించింది' లేదా 'ఇంత భత్యం ఇచ్చింది' అని రెండు రూపాలతో నిర్వచిస్తే, ఒక రూపాన్ని మరిచి షరతు రాసినప్పుడు కంపైలర్ హెచ్చరిస్తుంది. ఎంపిక సరిగ్గా రావాలంటే ముందు విలువల రూపం సరిగ్గా ఉండాలన్న పాఠం ఇక్కడ దొరికినంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు.

ఇలాంటి పట్టికను ఫిల్టర్‌తో కాక పార్టిషన్‌తో విడదీయడం మంచిది. జల్లెడ పట్టినప్పుడు ఒక భాగం కంటికి కనిపించకుండా కింద పడిపోతుంది; చేటతో చెరిగితే గింజా పొట్టూ రెండూ కళ్లముందే ఉంటాయి. పార్టిషన్ చేట లాంటిది: నిలిచినవారినీ నిలవనివారినీ రెండు జాబితాలుగా ఇస్తుంది, రెండింటి సంఖ్యలూ కలిపి మొదటి పట్టికలోని సంఖ్యతో సరిచూసుకోవచ్చు.

కొలతలు పన్నెండుతో ఆగకుండా యంత్రం నుంచి నిరంతరం వస్తూనే ఉంటే అంతులేని వరుస ఏర్పడుతుంది. అలాంటి వరుసను పూర్తిగా ముందే లెక్కించలేం; అడిగినప్పుడే లెక్కించే పద్ధతి కావాలి, దాన్ని లేజీ ఇవాల్యుయేషన్ అంటారు. 1965లో పీటర్ లాండిన్ స్ట్రీమ్‌ల గురించి రాసిన దానిలో దీని బీజాలున్నాయి, 1976లో ఫ్రీడ్‌మన్, వైజ్ ఒకవైపు, హెండర్సన్, మారిస్ మరోవైపు దీన్ని విడివిడిగా ప్రతిపాదించారు. హాస్కెల్‌లో ఇది సహజగుణం. స్టాండర్డ్ ఎం.ఎల్.లో మిగిలిన వరుసను ఒక ఫంక్షన్ లోపల మూటగట్టి, పిలిచినప్పుడే విప్పేలా రాసుకోవాలి. అంతులేని సహజ సంఖ్యల వరుసలో '5 కంటే చిన్నవి' అని ఫిల్టర్‌ను అడిగితే 0 నుంచి 4 వరకు ఇచ్చి, ఇక రాని ఆరోదాని కోసం ఎప్పటికీ వెదుకుతూనే ఉంటుంది. వరుస ఎక్కుతూ పోతుందన్న సంగతి ఫిల్టర్‌కు తెలియదు, చెప్పినా వినదు. అదే షరతుతో టేక్‌వైల్ 5 దగ్గర ఆగి ఇంటికి చేరుకుంటుంది.

హద్దుల విషయంలో ఒక సాంకేతిక జాగ్రత్త చెప్పుకోవాలి. 32.1 అనే దశాంశాన్ని కంప్యూటర్ తన ద్విసంఖ్యామానంలో కచ్చితంగా నిలవ ఉంచుకోలేదు, స్టాండర్డ్ ఎం.ఎల్. దశాంశాల మధ్య సమాన గుర్తును అసలు అనుమతించదు. కొలతను పదింతలు చేసి 321 అనే పూర్ణాంకంగా ఉంచుకుంటే హద్దు దగ్గర అనుమానానికి తావుండదు.

పాఠకులు ఆ పన్నెండు కొలతలనే జులై నెలలోని ఒక రోజువిగా తీసుకుని, ఉష్ణోగ్రత నియమాన్నీ మధ్యాహ్న నిషేధాన్నీ కలిపి, పనికి వీలైన కొలతలెన్నో రాసి చూసుకోవచ్చు. సరైన జవాబు అయిదు: ఉదయం 6, 7, 8, సాయంత్రం 4, 5. ఏడు వస్తే గడియారం షరతును మరిచినట్టు. మూడు వస్తే ఫిల్టర్ ఉండవలసిన చోట టేక్‌వైల్ ఉన్నట్టు. ఆరు వస్తే '10 నుంచి' అన్నప్పుడు 10ని బయట ఉంచినట్టు. 32.1 దగ్గర హద్దు తప్పు రాసినవారికి మాత్రం అయిదే వస్తుంది, ఎందుకంటే ఆ కొలత నమోదైన 11 గంటలు జులైలో నిషేధ సమయంలోనే పడతాయి. ఆ తప్పు సెప్టెంబరు 16న బయటపడుతుంది.